హర్రాజులో ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. "హర్రాజులో ఇల్లు కొని చూడు" అన్న మూడో మాట వారు ఎందుకు అనలేదో తెలియదు. వారి కాలంలో ఇళ్ళు ఇంత తరచుగా హర్రాజుకు వచ్చేవి కావు కాబోలు. ఇప్పుడు దినపత్రిక తిరగేస్తే లోపలి పేజీలలో, చీమలు బారులు తీరినట్టు, బ్యాంకుల వేలం ప్రకటనలు కనిపిస్తూనే ఉంటాయి. వాటిని మామూలుగా ఎవరూ చదవరు. చదివినవారు మాత్రం ఆ పూటకు భోజనం మరచిపోతారు. అంత చవకగా ఉంటుంది ధర!

మా మేనమామ అలాగే ఒకనాడు మరచిపోయాడు. ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళకు పైగా కండక్టరుగా పనిచేసి రిటైరయిన మనిషి. టికెట్ల లెక్కలో ఏనాడూ పైసా తేడా రానివ్వలేదని ఆయనకు పేరు. సర్వీసంతా అద్దె ఇళ్ళల్లోనే గడిచింది. రిటైరయినప్పుడు చేతికి వచ్చిన డబ్బుతో సిద్దిపేటలోనే చిన్న ఇల్లు కొనుక్కోవాలని మా అత్తమ్మకు, ఆయనకు కోరిక. కాని 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా కేంద్రమయింది, 2023 అక్టోబరులో సికింద్రాబాదుకు రైలు కూడా కూసింది. ఊరు పెరిగింది, ఊరితోబాటు ధరలూ పెరిగాయి. మామ పొదుపు మాత్రం ఉన్నచోటే ఉన్నది.

ఒక ఆదివారం పొద్దున్నే పత్రిక మడిచి చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"అల్లుడా, గిది జర సదువు. ముప్ఫై ఆరు లక్షలకే ఇల్లు హర్రాజు పెట్టిండ్రు. బయట గసుంటిది నలభై అయిదుకు తక్కువ లేదు. పోయి పాడుదాం పా!"

"మామా, ఇది చింతచెట్ల హర్రాజు కాదు" అన్నాను.

"ఏంది తేడా? చిన్నప్పుడు ఊర్ల చింతచెట్లకు పాడిన, చెరువు చేపలకు పాడిన. నేను పాట అందుకుంటే ఎదుటోడు తువ్వాల దులుపుకొని పోవాలె."

తేడా ఏమిటో చెప్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలల్లో మేమిద్దరం నేర్చుకున్నదే ఈ వారం పాఠకులకు మనవి చేస్తున్నాను.

తెలుగు పంతులును గనుక ముందు మాట సంగతి చెప్పనివ్వండి. "వేలం" అన్నది పోర్చుగీసు వర్తకుల నోటినుంచి మనకు వచ్చిందంటారు. మా తెలంగాణంలో వాడే "హర్రాజు" అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా వచ్చింది. మాటలు అరువు తెచ్చుకున్నాం గాని, "వేలంవెర్రి" అన్న పదబంధం మాత్రం మన స్వంత కల్పన. పాటలో కూర్చున్న మనిషికి ఏమవుతుందో మన పూర్వులు బాగా ఎరిగినవారన్నమాట. బాలాపూర్ గణేశుని లడ్డూ 1994లో మొదటిసారి పాడినప్పుడు 450 రూపాయలు పలికింది. 2025లో అదే లడ్డూ 35 లక్షలు పలికింది. అది భక్తి, అక్కడ లెక్క అడగకూడదు. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వ భూమి ఎకరం నూరు కోట్లు దాటి పోయింది. అది పెద్ద కంపెనీల వ్యవహారం, వారి లెక్కలు వారివి. మన ఇంటి పాట ఈ రెండూ కాదు. అక్కడ భక్తీ పనికిరాదు, పంతమూ పనికిరాదు.

ఇక అసలు సంగతి. ఈ ప్రకటనలలో చాలాభాగం 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకులు వేసేవి. ఇల్లు తాకట్టుపెట్టి అప్పు తీసుకున్నవారు కట్టలేకపోతే బ్యాంకు కోర్టుకు పోనక్కరలేకుండానే ఆ ఇంటిని అమ్ముకోవచ్చు. ముందు అరవై రోజుల గడువుతో నోటీసు ఇస్తారు. ఆ తర్వాత స్వాధీనం చేసుకున్నట్టు రెండు పత్రికలలో ప్రకటిస్తారు. అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక అయివుండాలి. మదింపుదారు చేత విలువ కట్టించి, ఇంతకు తక్కువ కాదన్న కనీస ధర నిర్ణయిస్తారు. మొదటిసారి వేలమయితే ప్రకటనకు, పాటకు మధ్య ముప్ఫై రోజులైనా ఉండాలి. ఆ ముప్ఫై రోజులూ మనకోసమే ఇచ్చారనుకోండి. ప్రకటన చూచి పరవశించడానికి కాదు, పరీక్షించడానికి.

ప్రకటన అడుగున ఒక వాక్యం ఉంటుంది. "ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే, ఏమి ఉంటే అదే" అన్న షరతు మీద అమ్ముతున్నామని దాని భావం. తెలుగులో విప్పి చెప్పాలంటే, "తర్వాత మమ్మల్ని అడగవద్దు" అని. గోడ బీటలిచ్చి ఉంటే ఆ బీటలూ మీవే. పన్ను బకాయి ఉంటే అదీ మీదే. లోపల మనుషులుంటే, వారి సంగతి కూడా చాలావరకు మీదే.

ఈ చివరి మాట మామకు నేను చెప్పి ఒప్పించలేదు. కళ్ళారా చూచి తెలుసుకున్నాడు.

మొదటి ప్రకటనలోని ఇంటికి స్కూటరు మీద ఇద్దరం వెళ్ళాము. బ్యాంకు తాళం ఉంటుందనుకున్నాం. గేటు తీసి ఉంది. తీగ మీద బట్టలు ఆరుతున్నాయి. అరుగు మీద ఒక ముసలమ్మ చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ ఉంది.

"ఎవలు గావాలె బిడ్డా?" అన్నది.

జీవితమంతా "టికెట్, టికెట్" అని గొంతు చించుకున్న మామకు నోట మాట రాలేదు. "తోవ తప్పినం అమ్మా" అన్నాడు. ఎండకు వచ్చారని ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చేశాము. కోమటిచెరువు కట్టదాకా మామ ఏమీ మాట్లాడలేదు. అక్కడ బండి ఆపమని, "అల్లుడా, ఆ ముసలమ్మను బయటకు నూకే పని నాదేనా?" అన్నాడు.

ఇంటికి వచ్చి ప్రకటన మళ్ళీ చదివాము. "స్వాధీనం" అన్నచోట "సింబాలిక్" అన్న చిన్న మాట ఉంది. అంటే కాగితం మీద స్వాధీనం. గోడకు నోటీసు అంటించారు, ఇల్లు మాత్రం ఇంటివారి చేతిలోనే ఉంది. బ్యాంకు తాళం వేసి తన చేతిలోకి తీసుకున్నదయితే "ఫిజికల్" అని వ్రాస్తారు. మొదటిసారి పాడేవారు ముందుగా వెదకవలసినది ధర కాదు, ఈ ఒక్క మాట. కాగితపు స్వాధీనాన్ని నిజమైన స్వాధీనంగా మార్చడానికి బ్యాంకు జిల్లా మేజిస్ట్రేటుకు గాని, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు గాని దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి నెలలు పట్టవచ్చు. ఈలోగా మీ డబ్బు బ్యాంకులో, మీరు అద్దె ఇంట్లో. తాకట్టుకు ముందునుంచే చెల్లుబాటయ్యే ఒప్పందంతో ఉంటున్న అద్దెదారులుంటే ఆ చిక్కు వేరు. ఇటువంటి ఇళ్ళు చవకగా రావడంలో వింత లేదు. ఆ చవకదనం ఓపిక, వకీళ్ళు, మిగులు డబ్బు ఉన్నవారికోసం. రిటైర్మెంటు సొమ్ముతో వచ్చినవారికోసం కాదు.

"స్వాధీనం మేము చూసుకుంటాం, మీరు పాడండి" అనే మధ్యవర్తులు కూడా ఉంటారు. వారికి ఒక నమస్కారం పెట్టి తలుపు వేసుకోండి.

రెండు నెలల తర్వాత మరొక ఇల్లు ప్రకటించారు. కనీస ధర అదే, 36 లక్షలు. దానికి బ్యాంకు తాళమే ఉన్నది. తనిఖీకి ఒక రోజు ఇచ్చారు. మామ పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ వీధిలోనే తిరిగాడు. పక్కింటివారిని అడిగాడు, కిరాణా కొట్టువానిని అడిగాడు. ఎల్లలు టేపుతో కొలిచాడు. ఇంటి నంబరు పట్టుకుని మునిసిపాలిటీలో పన్ను బకాయి తెలుసుకున్నాడు. కరెంటు మీటరు నంబరు పట్టుకుని ఆ బకాయి కూడా తెలుసుకున్నాడు. ఈ కరెంటు సంగతి చిన్నది కాదు సుమా. పాత యజమాని పెట్టిన కరెంటు బకాయిని, నిబంధనలు ఒప్పుకుంటే, వేలంలో కొన్న కొత్త యజమాని నుంచి అడగవచ్చునని 2023 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. అపార్టుమెంటయితే సంఘానికి కట్టవలసిన నెలసరి బకాయిలు కూడా అడిగి తెలుసుకోవాలి.

తర్వాత కాగితాలు. ముప్ఫై ఏళ్ళకు ఈసీ తీయించాము. పాత దస్తావేజుల నకళ్ళు బ్యాంకు అధికారిని అడిగి చూశాము. బ్యాంకు అప్పు ఇచ్చిందంటే కాగితాలు శుభ్రంగానే ఉంటాయి గదా అని చాలామంది అనుకుంటారు. అప్పు ఇచ్చినప్పుడు బ్యాంకు చూచుకున్నది తన ధైర్యం కోసం. మీ ధైర్యం మీరే చూచుకోవాలి. రెండు వేలో నాలుగు వేలో తీసుకుని ఒక వకీలు ఈ కాగితాలన్నీ చదివి పెడతాడు. లక్షలు పెట్టే చోట ఆ వేలు దాచుకోవడం పిసినారితనం కూడా కాదు, అవివేకం.

ఊరి శివార్లలో స్థలాలు పాడేవారు ఇంకొకటి గమనించాలి. వ్యవసాయ భూమికి సర్ఫేసీ చట్టం వర్తించదు. రికార్డులో ఇంకా సాగుభూమిగానే ఉన్న స్థలాన్ని ఇంటి స్థలమని వేలం వేస్తే, తర్వాత దాని మీద వ్యాజ్యం రావడానికి ఆస్కారం ఉంటుంది.

వ్యాజ్యం మాట వచ్చింది గనుక, అప్పు తీసుకున్నవారికి ఉన్న హక్కులు కూడా తెలుసుకోవాలి. బ్యాంకు తీసుకున్న చర్య మీద నలభై అయిదు రోజులలోగా రుణ వసూళ్ళ ట్రిబ్యునలుకు వారు పోవచ్చు. మనవారికి అది హైదరాబాదులో ఉన్నది. అప్పంతా కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు మాత్రం వేలం ప్రకటన వెలువడడంతో తీరిపోతుందని, 2016లో చట్టాన్ని సవరించిన తర్వాత, 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా నోటీసు సరిగా ఇవ్వలేదనో, గడువు చాలలేదనో వేలాన్నే కొట్టివేయమని అడగడానికి దారి మూసుకుపోలేదు. కనుక ఆ ఇంటి మీద ఏదయినా కేసు నడుస్తున్నదా అని బ్యాంకును వ్రాతపూర్వకంగా అడగండి. జవాబు ఏదయినా దాచుకోండి.

కోర్టు డిక్రీ మీద వేసే వేలాల పద్ధతి వేరు. అక్కడ కూడా పాడిన వెంటనే నాలుగోవంతు, పదిహేను రోజులలో మిగతాది కట్టాలి. కాని బాకీదారు అరవై రోజులలోగా బాకీ సొమ్ము, దానితోబాటు పాడినవానికి ధరలో నూటికి అయిదు రూపాయలు డిపాజిట్ చేస్తే ఆ వేలం రద్దయిపోతుంది. అక్కడ పాడినవారు అరవై రోజులు గడిచేవరకు గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించకూడదు.

ఇప్పుడు డబ్బు. ఇక్కడే చాలామంది కాలు జారేది.

పాటకు ముందు ధరావతు కట్టాలి. సాధారణంగా అది కనీస ధరలో పదోవంతు ఉంటుంది. మీరు గెలిస్తే, ఆ ధరావతుతో కలిపి, పాడిన ధరలో నాలుగోవంతు ఆ రోజే గాని, మరుసటి పనిదినానికి గాని కట్టాలి. మిగతా మూడు వంతులు వేలం ఖాయమయిన పదిహేనో రోజుకు కట్టాలి. బ్యాంకు వ్రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పొడిగించవచ్చు గాని, అది మూడు నెలలు మించదు. కట్టలేకపోతే? కట్టిన నాలుగోవంతు పోతుంది, ఇల్లు మళ్ళీ వేలానికి పోతుంది. ఇది మరీ అన్యాయమని ఒకరు కోర్టుకు పోతే, బ్యాంకు ఆ సొమ్మును మొత్తం జప్తు చేసుకోవచ్చునని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. "గెలిచాక లోను పెట్టుకుందాం" అనేవారు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. లోను వచ్చినా పదిహేను రోజులలో చేతికి రావడం కష్టం.

మామ దగ్గర అంతా కలిపి 46 లక్షలు ఉన్నాయి. "అయితే నలభై ఆరు దాకా పాడొచ్చు" అన్నాడు. నేను కాగితం, పెన్సిలు తెచ్చాను. మన రాష్ట్రంలో మామూలు కొనుగోలుకు స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు నూటికి ఏడున్నర రూపాయలు. ఆ లెక్కన దగ్గర దగ్గర 3 లక్షలు తీసెయ్యి. మరమ్మతులకు 2 లక్షలు. పన్ను, కరెంటు బకాయిలకు 50 వేలు. ఆలస్యమయితే ఏడాది అద్దె 1 లక్ష. వెరసి ఆరున్నర లక్షలు. మిగిలింది 39 లక్షల 50 వేలు. అదీ మామ హద్దు. 50 లక్షలు, ఆపైన పలికే ఆస్తి అయితే నూటికి రూపాయి చొప్పున ఆదాయపు పన్ను తగ్గించి కట్టే బాధ్యత కూడా కొనేవారిదే.

ఆ అంకెను ఒక చీటీ మీద వ్రాసి అత్తమ్మ చేతికి ఇచ్చాము. "ఇది దాటితే మామ చెయ్యి పట్టుకో" అన్నాను.

ఈ రోజుల్లో పాట గుడారం కింద జరగదు. ఫోనులోనో కంప్యూటరులోనో జరుగుతుంది. ప్రభుత్వరంగ బ్యాంకుల ఆస్తులు "బ్యాంక్‌నెట్" అన్న చోట కనిపిస్తాయి. పేరు నమోదు, గుర్తింపు పత్రాలు, ధరావతు, వీటన్నిటికీ రోజులు పడతాయి. చివరి రోజుదాకా ఆగకండి. ధరావతు ప్రకటనలో చెప్పిన విధానంలో తప్ప ఇంకెవరి ఖాతాలోనూ వెయ్యకండి, ఫోనులో ఎంత తియ్యగా మాట్లాడినా సరే. అంకె నొక్కేముందు సున్నాలు లెక్కపెట్టండి. నొక్కిన తర్వాత "పొరపాటయింది" అంటే వినే నాథుడు ఉండడు.

పాటనాడు మా ఇంట్లోనే కూర్చున్నాము. ఎదుటివారి ముఖాలు కనిపించవు, అంకెలే కనిపిస్తాయి. పాతిక వేలు, పాతిక వేలు చొప్పున పెరిగింది. ఆఖరి నిమిషాలలో ఎవరయినా పాడితే గడువు మరి కొన్ని నిమిషాలు పెరుగుతుంది. అయిపోయిందనుకున్న పాట మళ్ళీ మొదలవుతుంది. అలా నాలుగుసార్లు అయింది. మామ 39 లక్షల 50 వేలు పాడాడు. ఎదుటివారు 39 లక్షల 75 వేలన్నారు.

మామ ముఖం ఎర్రబడింది. "పాతిక వేలే గదా అల్లుడా! ఎక్కడన్న తెస్త!" అని వేలు ఎత్తాడు.

అత్తమ్మ ఏమీ అనలేదు. చీటీ తెచ్చి ఆయన ఎదుట పెట్టింది. మామ వేలు అలాగే కాసేపు ఆగి, కిందికి దిగింది. పాట ఆగలేదు. మరి ఇద్దరు పట్టుబట్టి 44 లక్షల దాకా తీసుకుపోయారు. మామ రెండు రోజులు సరిగా భోజనం చెయ్యలేదు. ధరావతు మాత్రం చెక్కు చెదరకుండా ఆయన ఖాతాలోకి తిరిగి వచ్చింది.

నాలుగో నెలలో పత్రికలో మళ్ళీ ప్రకటన వచ్చింది. అదే వీధి, అదే ఇంటి నంబరు, అదే 36 లక్షలు. మామ సంతోషంతో పరుగెత్తుకొచ్చాడు. ఇల్లు మళ్ళీ ఎందుకు వచ్చిందో మాకిద్దరికీ అర్థమయింది. 44 లక్షలకు పాడినాయన మిగతా సొమ్ము కట్టలేకపోయాడు. నాలుగోవంతు అంటే 11 లక్షలు. ఆయన ఎవరో మాకు తెలియదు. మాకు కనిపించింది అంకె ఒక్కటే. బహుశా ఆయనకూ అద్దె ఇల్లే ఉండవచ్చు. ఆయన ఎదుట చీటీ పెట్టేవారు లేకపోయారు, అంతే.

ఈసారి పాడినవారు తక్కువ. మామ చీటీలో అంకె మార్చలేదు. 38 లక్షల 50 వేలకు పాట ఆయన మీద ఆగింది. మరునాడే, ధరావతు 3 లక్షల 60 వేలు పోను, 6 లక్షల 2 వేల 500 కట్టాడు. మిగిలిన 28 లక్షల 87 వేల 500 గడువుకు మూడు రోజుల ముందే కట్టి, రశీదులు కండక్టరు సంచీలో దాచాడు. అమ్మకపు ధ్రువపత్రం తీసుకుని, అది రిజిస్టరు చేయించి, మునిసిపాలిటీలోనూ కరెంటు ఆఫీసులోనూ పేరు మార్పించేదాకా నిద్రపోలేదు. తాళంచెవి చేతికి వచ్చినంతమాత్రాన పని అయిపోయిందనుకోకూడదు గదా!

గృహప్రవేశం నాడు అందరూ మామను మెచ్చుకుంటుంటే అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "పదకొండు లక్షలు పోయినోళ్ళ ఇంట్ల ఇయ్యాల ఎట్లున్నదో! ఈ ఇల్లు కట్టుకున్నోళ్ళు యాడున్నరో!" అన్నది.

దానికి నా దగ్గర సగం సమాధానమే ఉంది. అప్పు, ఖర్చులు పోను వేలంలో మిగిలిన సొమ్ము అప్పు తీసుకున్నవారికే తిరిగి ఇవ్వాలని చట్టం చెబుతున్నది. కనుక న్యాయమైన ధర పాడడంలో ఆ కుటుంబానికీ కొంత మేలు ఉండవచ్చు. మిగతా సగానికి మాత్రం చట్టంలో సమాధానం లేదు.

ఆ చీటీని అత్తమ్మ ఇంకా పారెయ్యలేదు. దేవుడి పటం వెనుక పెట్టింది. హర్రాజుకు పోదలచిన పాఠకులు ముందు అటువంటి చీటీ ఒకటి వ్రాసుకోండి. వ్రాసి, మీ చేతిలో కాక, మీ మంచి కోరేవారి చేతిలో పెట్టండి.